బీటిల్స్ ఆల్బమ్‌లల్ల ఏది గొప్పది? ఈ పంచాయితి ఎందుకు తెగదు?

నలుగురు పాటల పిచ్చోళ్లు ఒక్కకాడ కూసున్నరంటే లొల్లి పుట్టకుండ ఉండదు. ఇళయరాజా చేసిన సినిమాలల్ల ఏ సినిమా పాటలు గొప్పయి అని అడిగి చూడుండ్రి. చాయ్ చల్లారుతది గాని ముచ్చట తెగదు. ఇంగ్లిష్ పాటలు వినేటోళ్ల నడుమ గసొంటి పంచాయితి ఒకటి యాభై ఏండ్లకు పైబడి నడుస్తనే ఉన్నది. బీటిల్స్ బ్యాండ్ చేసిన ఆల్బమ్‌లల్ల ఒకటో నంబరు ఏది అన్నదే ఆ పంచాయితి.

ఆ బ్యాండు 1970లనే చెదిరిపోయింది. నలుగుర్ల జాన్ లెనన్, జార్జ్ హారిసన్ ఇప్పుడు లేరు. పాల్ మెకార్ట్నీ, రింగో స్టార్ ఎనభై దాటిన్రు. లెక్కపెట్టాల్సిన ఆల్బమ్‌లు పన్నెండో పదమూడో, అంతే. ఇన్నేండ్లల్ల అభిమానులంత ఒక్క మాట మీదికి రావాలె గదా? రాలేదు. ఎందుకు రాలేదన్నది నాకు పాటలంత ఇష్టమైన ముచ్చట. నా మాట ముందుగాలనే చెప్తున్న: కొట్లాడేటోళ్లందరు ఒక్కటే వస్తువును కొలుస్తలేరు. ఎవరి చేతికి ఏ రికార్డు వచ్చింది, ఎప్పుడు వచ్చింది, మార్కులు ఎవరు వేసిన్రు అన్నదాన్ని బట్టి ర్యాంకు మారుతది. అండ్ల కంపెనీల బేరం ఉన్నది, పత్రికల పెత్తనం ఉన్నది, లిస్టుకెక్కని మనుషుల కష్టం గూడ ఉన్నది.

బరిల ఉన్నయి అయిదు

ఎవరి లిస్టు చూసినా పైన ఉండేటియి అయిదు ఆల్బమ్‌లు. 1965 డిసెంబర్ల వచ్చిన రబ్బర్ సోల్, 1966 ఆగస్టుల వచ్చిన రివాల్వర్, 1967ల వచ్చిన సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్, 1968 నవంబర్ల వచ్చిన వైట్ ఆల్బమ్, 1969 సెప్టెంబర్ల వచ్చిన అబ్బీ రోడ్. పెప్పర్‌కు పేరు పొడుగున్నది కాబట్టి ఇక్కడ పెప్పర్ అనే అంట. వైట్ ఆల్బమ్ అసలు పేరు 'ది బీటిల్స్', అట్ట తెల్లగ ఉండబట్టి జనం పెట్టిన పేరే నిలబడ్డది. అయిదు ఆల్బమ్‌ల నడుమ నాలుగేండ్లు గూడ లేవు. అంత తక్కువ కాలంల అంత దూరం నడిచిన్రు కాబట్టే ఏ మజిలీ గొప్పదన్న కొట్లాట.

రబ్బర్ సోల్ వర్గం ఏమంటదంటే, అప్పటిదాంక ప్రేమ పాటలు కట్టిన పోరగాండ్లు ఇక్కడ పెద్దమనుషులైన్రు అంటది. 'ఇన్ మై లైఫ్' అన్న పాటల ఇరవై అయిదేండ్ల లెనన్ గడిచిపోయిన ఊర్లను, మనుషులను తల్చుకుంటడు. 'నార్వేజియన్ వుడ్'ల జార్జ్ హారిసన్ సితార్ పట్టుకున్నడు. ఈ ఆల్బమ్ పొద్దుగూకినంక ఇంట్ల కూసోని వినేటిది.

రివాల్వర్ వర్గం లెక్క వేరు. స్టూడియో అంటే పాటను పట్టుకునే డబ్బా అన్న ఆలోచనను ఈ ఆల్బమ్ పక్కకు పెట్టింది. స్టూడియోనే ఒక వాయిద్యం అయింది. 'ఎలినార్ రిగ్బీ'ల గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. ఎనిమిది మంది వయొలిన్ జాతి వాయిద్యాలు వాయిస్తుంటే ఒంటరి మనుషుల కథ నడుస్తది. ఆఖరున వచ్చే 'టుమారో నెవర్ నోస్' దాదాపు ఒక్క కార్డ్ మీదనే నిలబడ్డది. టేపు ముక్కలను ఉంగరాల లెక్క అతికిచ్చి తిప్పి, ఆ చప్పుళ్లను పాటల కలిపిన్రు. 1966 ఆగస్టు ఆఖరున శాన్ ఫ్రాన్సిస్కోల బీటిల్స్ టూర్లు బంద్ పెట్టిన్రు. అప్పటికి రివాల్వర్ బజార్ల ఉన్నది, అయినా అండ్ల ఒక్క పాట గూడ స్టేజీ ఎక్కలేదు.

టూర్లు బంద్ అయినంక స్టూడియోల కూసోని అయిదు నెలలు చేసింది పెప్పర్. అప్పటి మిషన్ల మీద నాలుగు ట్రాకులే ఉండె. నాలుగు నిండినంక వాటిని ఇంకో మిషన్ల ఒక్క దాంట్లెకు దించి, మల్ల ఖాళీ చేసుకోని, మీద మీద పేర్చుకుంట పోయిన్రు. 'ఎ డే ఇన్ ది లైఫ్' కొరకు 40 మంది ఆర్కెస్ట్రాను పిలిచిన్రు. పాటల సాహిత్యం మొత్తం అట్ట మీద అచ్చేసిన్రు. పాటల మూటను ఒక్క పుస్తకం లెక్క చూడాలె అన్న ఆలోచన జనంలకు పోయింది ఈ ఆల్బమ్ తోనే. గ్రామీల ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ బహుమతి తెచ్చుకున్న తొలి రాక్ ఆల్బమ్ ఇదే. వద్దనేటోళ్లు ఒక్కటే అడుగుతరు: అట్ట తీసేసి, పేరు తీసేసి, పాటకు పాట లెక్కగడితే ఇది నిలబడ్తదా?

వైట్ ఆల్బమ్ల 30 పాటలు, రెండు రికార్డులు. జోల పాట ఉన్నది, చెవులు పగిలే 'హెల్టర్ స్కెల్టర్' ఉన్నది, పాటనే గాని చప్పుళ్ల గుట్ట ఒకటున్నది. నిర్మాత జార్జ్ మార్టిన్ మంచియి ఏరి ఒక్క రికార్డు చేద్దామన్నడు. వాళ్లు ఇనలేదు. అప్పటి సంది "నువ్వైతే ఏ పద్నాలుగు పాటలు ఉంచుతవు" అన్న ఆట అభిమానులు ఆడుతనే ఉన్నరు. ఇద్దరి లిస్టులు ఎన్నడు కలువవు.

అబ్బీ రోడ్ నలుగురు కూడి ఆఖరుసారి మనసు పెట్టి చేసిన పని. రెండో పక్క చిన్న చిన్న తునకలను కలిపి కుట్టిన పావుగంట పాటల దండ ఉన్నది. బ్యాండు మొత్తం చరిత్రల రింగో ఒక్కడే డ్రమ్స్ సోలో వాయించింది ఇండ్లనే. ఎప్పుడు మూడో మనిషి లెక్క పక్కకుండే హారిసన్ 'సమ్‌థింగ్', 'హియర్ కమ్స్ ద సన్' తెచ్చి పెట్టిండు. ఇయ్యాల స్పాటిఫైల బీటిల్స్ పాటలల్ల ఎక్కువ మంది వినేది ఆ రెండోదే.

పేరొక్కటే, రికార్డులు రెండు

ఇగ అసలు ముచ్చటకొస్తున్న. అమెరికాల ఒకడు, ఇంగ్లండ్‌ల ఒకడు "రివాల్వర్ గొప్పదా, పెప్పర్ గొప్పదా" అని 1970లల్ల వాదించుకున్నరనుకోండ్రి. ఇద్దరి చేతుల ఉన్న రివాల్వర్ ఒక్కటి కాదు.

ఇంగ్లండ్‌ల వాళ్ల ఆల్బమ్ల మామూలుగ 14 పాటలు ఉంటుండె. అమెరికాల బీటిల్స్ రికార్డులు అమ్మిన కాపిటల్ కంపెనీ 11, 12 పాటలే పెట్టేది. అమెరికాల పాటకింత అని హక్కుల పైసలు కట్టాలె, కాబట్టి పాటలు తక్కువుంటే ఖర్చు తక్కువ. మిగిలిన పాటలను పక్కకు పెట్టి, వాటికి సింగిల్స్ కలిపితే ఇంకో కొత్త ఆల్బమ్ తయారు. మన క్యాసెట్ల కాలంల ఒక పక్క ఒక సినిమా, ఇంకో పక్క ఇంకో సినిమా వేసి అమ్మింది యాదికున్నోళ్లకు ఈ బేరం అర్థమైతది.

రివాల్వర్ ఇంగ్లండ్‌ల 14 పాటలు. అమెరికాల 11. పోయిన మూడు పాటలు ఏయి? 'ఐయామ్ ఓన్లీ స్లీపింగ్', 'అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్', 'డాక్టర్ రాబర్ట్'. మూడూ లెనన్ పాడినయే. రెండు నెలల ముందుగాలనే 'యెస్టర్‌డే అండ్ టుడే' అన్న అమెరికా ఆల్బమ్ నింపనీకి వాటిని గుంజుకున్నరు. దాంతోని అమెరికా రివాల్వర్ల లెనన్ పాడిన పాటలు రెండే మిగిలినయి. హారిసన్‌వి మూడు. రివాల్వర్ల లెనన్ జర పల్చగున్నడు అని ఒక అమెరికా అభిమాని అంటే, ఆయన చేతుల ఉన్న రికార్డుకు అది నిజమే.

రబ్బర్ సోల్ ఇంక చిత్రం. కాపిటల్ నాలుగు పాటలు తీసేసి, ముందటి 'హెల్ప్!' ఆల్బమ్ కెల్లి రెండు తెచ్చి పెట్టింది. ఇంగ్లండ్‌ల 'డ్రైవ్ మై కార్' అన్న ఊపు పాటతోని మొదలైతే, అమెరికాల 'ఐ హావ్ జస్ట్ సీన్ ఎ ఫేస్' అన్న ఉత్త గిటార్ పాటతోని మొదలైతది. ఊపు పాటలు పోయేసరికి అమెరికా రబ్బర్ సోల్ మెత్తగ, జానపద పాటల వాసనతోని, ఒక్క తీరుగ వినవడ్తది. అది విన్న బీచ్ బాయ్స్ బ్యాండు బ్రయన్ విల్సన్, మొదటి కెల్లి ఆఖరి దాంక ఒక్క పాట గూడ వృథా లేని ఆల్బమ్ చెయ్యాలె అని పట్టుపట్టి 1966ల పెట్ సౌండ్స్ చేసిండు. దాన్ని విని మెకార్ట్నీ పెప్పర్ దిక్కు నడిచిండు. ఒక కంపెనీ బేరం కొరకు కత్తిరిచ్చి అతికిన రికార్డు ఇంకో రెండు గొప్ప ఆల్బమ్‌లకు దారి చూపింది.

రెండు దేశాలల్ల ఒక్క తీరుగ, పాట వరుస మారకుండ వచ్చిన తొలి బీటిల్స్ ఆల్బమ్ పెప్పర్. ఈ సంగతిని ర్యాంకుల ముచ్చటల మనసుల పెట్టుకోవాలె. అమెరికాల ఒక తరానికి బీటిల్స్ అనుకున్నది అనుకున్నట్టు చేతికొచ్చింది మొదలు పెప్పర్‌తోనే. దానికి ముందటియి అన్నీ ఎవరో కత్తెర పట్టినయి. పెప్పర్ పేరు అంత పెద్దగ కావడానికి ఇది ఒక్కటే కారణం అని నేను అనను. కని ఒక కారణం ఇదే అని నా నమ్మకం.

1987ల బీటిల్స్ పాటలు సీడీల మీదికి వచ్చినప్పుడు ఇంగ్లండ్ వరుసనే లోకమంతటికి ఖాయం చేసిన్రు. అమెరికా ఆల్బమ్‌లల్ల 'మ్యాజికల్ మిస్టరీ టూర్' ఒక్కటే అట్లనే ఉంచి లెక్కల కలిపిన్రు. ఇంగ్లండ్‌ల 12 ఆల్బమ్‌లు, ఇది కలిపితే 13 అన్న లెక్క గట్లనే వచ్చింది. అప్పటి సంది రివాల్వర్ నిండుగ అందరి చేతికి వచ్చింది. ఇంగ్లండ్ రచయిత కాలిన్ లార్కిన్ అచ్చేసిన వెయ్యి ఆల్బమ్‌ల పుస్తకం చూస్తే 1994ల పెప్పర్ ఒకటో స్థానంల ఉన్నది. 1998ల రివాల్వర్ ఎక్కింది. నడుమ నాలుగేండ్లల్ల ఆ రికార్డులల్ల ఒక్క సుతి గూడ మారలేదు. వినేటోళ్లు మారిన్రు.

లెక్కల ఏది ఉంటది, ఏది ఉండదు

ఇంకో చిక్కు ఉన్నది. బీటిల్స్ మస్తు పేరున్న పాటలు చానా వరకు ఇంగ్లండ్ ఆల్బమ్‌లల్లనే లేవు. 'షి లవ్స్ యూ', 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్', 'హే జూడ్', ఇయన్నీ సింగిల్స్. సింగిల్ కొన్నోనికి అదే పాట మల్ల ఆల్బమ్ల పెట్టి ఇంకోసారి పైసలు గుంజొద్దన్నది అక్కడి పద్ధతి. జనం తీర్గ చూస్తే అది మంచి పద్ధతే. ర్యాంకులు ఇచ్చేటోనికి మాత్రం పెద్ద తంటా.

పెప్పర్ కొరకు మొదలువెట్టిన పనిల ముందుగాల తయారైనయి 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్', 'పెన్నీ లేన్'. కంపెనీ తొందరపెట్టింది, 1967 ఫిబ్రవరిల రెంటినీ సింగిల్‌గ విడుదల చేసిన్రు. పద్ధతి ప్రకారం ఆల్బమ్ల కెల్లి తీసేసిన్రు. తన జీవితంల చేసిన పెద్ద తప్పు అదేనని జార్జ్ మార్టిన్ అటెన్క చెప్పుకున్నడు. ఆ రెండు పాటలు పెప్పర్ల ఉండి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండకపోవు అనేటోళ్లు ఉన్నరు. ఉండి ఉంటే వాటికి జాగ ఇచ్చి పోయే పాటలు ఏయి అని నేను అడుగుత. అప్పుడు ఇంకో లొల్లి షురూ అయితది.

మోనో, స్టీరియో ముచ్చట గూడ ఉన్నది. 1967ల ఇంగ్లండ్ ఇండ్లల్ల ఎక్కువ ఉన్నయి మోనో ప్లేయర్లే. పెప్పర్ మోనో మిక్స్ చేసేటప్పుడు బీటిల్స్ దగ్గరుండి చూసుకున్నరు. స్టీరియో మిక్స్ వాళ్లు లేకుండనే అయిపోయింది. 'షీస్ లీవింగ్ హోమ్' పాట మోనోల జర వేగంగ, జర పై సుతిల నడుస్తది, స్టీరియోల నింపాదిగ సాగుతది. ఒక్క పాటకే రెండు నడకలు. 2017ల జార్జ్ మార్టిన్ కొడుకు గైల్స్ మార్టిన్ పెప్పర్‌ను కొత్తగ మిక్స్ చేసిండు. 2018ల వైట్ ఆల్బమ్, 2019ల అబ్బీ రోడ్, 2021ల లెట్ ఇట్ బి, 2022ల రివాల్వర్ వచ్చినయి. ఒక్కోటి వచ్చినప్పుడల్ల అభిమానుల లిస్టులు కదిలినయి. కంపెనీకి కావాల్సింది గూడ అదే. పంచాయితి తెగితే పాత రికార్డు మల్ల కొనేదెవరు?

ఆఖరి ఆల్బమ్ ఏది అన్నదాని మీద సుత ఒప్పందం లేదు. లెట్ ఇట్ బి పని ఎక్కువ భాగం 1969 జనవరిల అయింది. అది నచ్చక పక్కకు పెట్టి, ఎండాకాలంల అబ్బీ రోడ్ చేసిన్రు. ముందు చేసింది ఎనుక, 1970 మేల వచ్చింది. నడుమ ఫిల్ స్పెక్టర్ అన్న నిర్మాత 'ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' మీద ఆర్కెస్ట్రా, కోరస్ కుమ్మరిచ్చిండు. మెకార్ట్నీకి అది మంట. 2003ల ఆ అలంకారం అంత తీసేసి 'లెట్ ఇట్ బి... నేకెడ్' అని విడుదల చేసిన్రు. లెట్ ఇట్ బికి అట్టడుగు ర్యాంకు ఇచ్చేటోన్ని అడగాలె: నువ్వు విన్నది ఏది?

మార్కులు వేసేది ఎవరు

పత్రికల సంగతి చూద్దాం. రోలింగ్ స్టోన్ పత్రిక 1987ల గడిచిన ఇరవై ఏండ్ల గొప్ప ఆల్బమ్‌లు అని లిస్టు వేసింది. పెప్పర్ ఒకటో నంబరు. రివాల్వర్ ఏ నంబరు? అది 1966ది, లెక్కలకే రాదు. గీత ఎక్కడ గీసిన్రన్నదాన్ని బట్టే గెలుపు.

అదే పత్రిక 2003ల 500 ఆల్బమ్‌ల లిస్టు వేసింది. పెప్పర్ 1, రివాల్వర్ 3, రబ్బర్ సోల్ 5, వైట్ ఆల్బమ్ 10. మొదటి పదిట్ల నాలుగు ఒక్క బ్యాండువే. అబ్బీ రోడ్ 14. 2020ల ఓటేసేటోళ్లను మార్చి లిస్టు మల్ల కొత్తగ వేసిన్రు. ఈసారి అబ్బీ రోడ్ 5, రివాల్వర్ 11, పెప్పర్ 24, వైట్ ఆల్బమ్ 29, రబ్బర్ సోల్ 35. పదిహేడేండ్లల్ల పెప్పర్ ఒకటి కెల్లి ఇరవై నాలుగుకు దిగింది. అబ్బీ రోడ్ ఎక్కింది.

ఒకటో స్థానంలకు వచ్చింది మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్'. యుద్ధం మీద, పోలీసుల దెబ్బల మీద, పేదల బస్తీల మీద 1971ల ఒక నల్లజాతి గాయకుడు చేసిన ఆల్బమ్. మూడుల జోనీ మిచెల్, నాలుగుల స్టీవీ వండర్, పదిల లారిన్ హిల్. "బీటిల్స్‌కు అన్యాయం జరిగింది" అని చానామంది అభిమానులు మొత్తుకున్నరు. నేను అట్ల అనుకోను. 2003ల ఓటేసిన గుంపుల ఎక్కువమంది 1960లల్ల పోరగాండ్లుగ ఉన్న తెల్లోళ్లు. వాళ్ల జవానీ పాటలకు వాళ్లు ఓటేసుకున్నరు, అది సహజమే. 2020ల ఆడోళ్లు, నల్లజాతోళ్లు, చిన్న వయసోళ్లు ఎక్కువ వచ్చిన్రు, వాళ్లు వాళ్ల పాటలకు వేసిన్రు. తప్పు ఎక్కడ అయితదంటే, ఒక గుంపు ఇష్టాన్ని "అందరి తీర్పు" అని అచ్చేసినప్పుడు.

వచ్చిన నాడే వచ్చిన తీర్పులు ఎంత నిలబడ్డయో గూడ చూడుండ్రి. 1967ల పెప్పర్‌ను లోకమంత మెచ్చుకుంటుంటే న్యూయార్క్ టైమ్స్ల రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అది హంగుల మోజుల పడి చెడ్డదని రాసిండు. పాఠకులు ఆయన మీద విరుచుకపడ్డరు. 1969ల అదే పత్రికల అబ్బీ రోడ్‌ను నిక్ కోన్ చీల్చి చెండాడిండు. ఆ అబ్బీ రోడే ఇయ్యాల లిస్టులల్ల పైకెక్కి కూసున్నది. ఇటు గోల్డ్‌స్టీన్ మాటలు ఇప్పటి పోరలకు అంత వింతగ అనిపియ్యవు.

అట్టడుగున ఎవరు మిగిలిన్రు

ర్యాంకుల ముచ్చటల నాకు కడుపుల మండే సంగతి ఒకటున్నది. ప్రతి లిస్టుల కిందికి పోయేటియి మొదటి ఆల్బమ్‌లు. కారణం ఏం చెప్తరంటే, "అండ్ల సొంత పాటలు తక్కువ, వేరేటోళ్ల పాటలు ఎక్కువ" అని.

ఆ వేరేటోళ్లు ఎవరు? 1963ల వచ్చిన ప్లీజ్ ప్లీజ్ మిల 14 పాటలుంటే అండ్ల ఆరు వేరేటోళ్లవి. షిరెల్స్ పాడినయి రెండు, కుకీస్‌ది ఒకటి, ఆర్థర్ అలెగ్జాండర్‌ది ఒకటి, ఐస్లీ బ్రదర్స్ పాడి పేరు తెచ్చిన 'ట్విస్ట్ అండ్ షౌట్' ఒకటి. వీళ్లంత అమెరికా నల్లజాతి గాయకులు. ఆ ఆల్బమ్ల 10 పాటలను ఫిబ్రవరి 11న ఒక్క రోజులనే రికార్డు చేసిన్రు. 'ట్విస్ట్ అండ్ షౌట్'ను ఆఖరికి ఉంచిన్రు, ఎందుకంటే అది పాడితే జలుబుతో ఉన్న లెనన్ గొంతు అక్కడికే ఖతం. తర్వాతి ఆల్బమ్ విత్ ద బీటిల్స్ల మార్వెలెట్స్, చక్ బెర్రీ, స్మోకీ రాబిన్సన్ పాటలున్నయి.

బీటిల్స్ బడి ఇది. లివర్‌పూల్ పోరలు కూసోని నేర్చుకున్నది వీళ్ల కాడనే. ఆ మాట వాళ్లే ఎప్పుడు దాచలేదు. కని ఆల్బమ్ ర్యాంకులల్ల షిరెల్స్ ఎక్కడ? ఆర్థర్ అలెగ్జాండర్ ఎక్కడ? వాళ్లు బతికింది సింగిల్స్ కాలంల. నెలల కొద్ది స్టూడియోల కూసోని ఆల్బమ్ చేసే స్తోమత, సమయం వాళ్లకు ఏ కంపెనీ ఇయ్యలేదు. పెప్పర్ వచ్చినంక "ఆల్బమే అసలైన కొలత" అని తీర్మానం చేసిన్రు. ఆ కొలత పెట్టినాడే వాళ్లు బరిల కెల్లి బయటికి పోయిన్రు. గురువుల కాలం చెల్లిపోయినంక పరీక్ష పెట్టి, శిష్యులకు పతకాలు పంచినట్టయింది.

మన హిందుస్తానీ వాయిద్యగాండ్ల సంగతి గూడ గట్లనే ఉన్నది. రివాల్వర్ల 'లవ్ యూ టు' పాటకు తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు అట్ట మీద అచ్చయింది. పెప్పర్ల 'వితిన్ యూ వితౌట్ యూ'కు దిల్‌రుబా, తబలా, తంబూరా వాయించింది లండన్‌ల ఉన్న భారతీయులే. అట్ట మీద లోకం మొత్తం మనుషుల బొమ్మలున్నయి గాని వీళ్ల పేర్లు లేవు. లోకం నంబర్ వన్ అన్న ఆల్బమ్‌ల వాళ్ల చేతుల చప్పుడున్నది, పేరు లేదు.

ఇది మనకు ఎరుక లేని తీరేం కాదు. ఏది మంచి భాష అని కొలతలు పెట్టినోళ్లు మన యాసను ఏండ్లకు ఏండ్లు సినిమాలల్ల కమెడియన్‌కు, విలన్‌కు అంటగట్టిన్రు. మన మాటల సత్తువ అప్పుడు తక్కువ లేకుండె, ఇప్పుడు కొత్తగ పెరగలేదు. కొలిచే కట్టె ఎవరి చేతుల ఉన్నదన్నదే లెక్క. అందుకే పాటల లిస్టు అయినా సరే, నేను మొదలు కింద సంతకాలు చూస్త.

ఆ నలుగురికే కుదరలేదు

చేసినోళ్లను అడిగితే తెగుతది గదా అనుకుంటరేమో. వాళ్లకే కుదరలేదు. హారిసన్ రబ్బర్ సోల్ దిక్కు మొగ్గిండు. రబ్బర్ సోల్, రివాల్వర్ ఒక్క పుస్తకం రెండు భాగాలసొంటియి అన్నది ఆయన మాట. మెకార్ట్నీ పెప్పర్ పేరు చెప్తడు, ఆ ఆలోచన తనదే గదా. లెనన్‌కు పెప్పర్ కంటె వైట్ ఆల్బమే ఇష్టం, అండ్ల తన పాటలు తన తీరుగ ఉన్నయని. రింగోకు అబ్బీ రోడ్ రెండో పక్క పాణం.

నలుగురు చెప్పింది ఆల్బమ్ గురించి కాదనిపిస్తది నాకు. ఆ ఆల్బమ్ చేసేటప్పుడు తాము ఎట్లున్నమో చెప్పిన్రు. వైట్ ఆల్బమ్ పాటలు చానా వరకు పుట్టింది 1968ల మన రిషికేశ్ల, మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంల. కరెంటు వాయిద్యాలు లేవు, ఉత్త గిటార్లే. వాళ్లతోపాటు వచ్చిన డోనోవన్ అన్న గాయకుడు లెనన్‌కు వేళ్లతోని తీగలు మీటే పద్ధతి నేర్పిండు. 'డియర్ ప్రుడెన్స్', 'జూలియా' పాటలల్ల వినవడేది ఆ చదువే. లెనన్‌కు అది చేతినిండ పాటలు పండిన కాలం. లండన్‌కు పోయినంక అదే ఆల్బమ్ పనిల రింగో అలిగి రెండు వారాలు పోయిండు, ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ విసిగి పని వదిలేసిండు. అందరికి అది ఒక్కటే ఆల్బమ్ ఎట్లయితది?

మరి లొల్లి పెట్టుకోవద్దా?

పెట్టుకోవాలె. బరాబర్ పెట్టుకోవాలె. ర్యాంకు మీద కొట్లాట వల్ల ఒక లాభం ఉన్నది. "నాకు నచ్చింది" అని ఊకుంటే మనిషి చెవులు అక్కడే ఆగుతయి. "ఎందుకు నచ్చింది" అని ఎదుటోడు నిలదీస్తే మల్ల పోయి వినాలె. పోయి విన్నప్పుడు బేస్ గిటార్ నడక వినవడ్తది, ఎనుక పాడే గొంతులు వినవడ్తయి, ఎవరి పాట ఎవరు పాడిన్రో తెలుస్తది.

కొట్లాడే ముందు మూడు సంగతులు తేల్చుకుంటె మంచిది. ఒకటి, ఏ రికార్డు గురించి మాట్లాడుతున్నం, ఏ దేశంది, ఏ మిక్స్. రెండు, కొలత ఏంది: పాటకు పాట బలమా, మొత్తం కలిపి వినే అనుభవమా, అటెన్క వచ్చినోళ్ల మీద పడ్డ ప్రభావమా. పాటల బలం అంటే రివాల్వర్ గెలుస్తది, మొత్తం కూర్పు అంటే అబ్బీ రోడ్ రెండో పక్కను కొట్టుడు కష్టం, ప్రభావం అంటే పెప్పర్‌ను దించుడు ఎవరి తరం కాదు. మూడు, లిస్టుల లేనోళ్లు ఎవరు, ఎందుకు లేరు.

నా వరుస అడిగితే దాపరికం ఏం లేదు. రివాల్వర్, అబ్బీ రోడ్, రబ్బర్ సోల్, వైట్ ఆల్బమ్, పెప్పర్. నేను విన్నది సీడీల వరుస, అంటే ఇంగ్లండ్ రివాల్వర్, మొత్తం 14 పాటలది. లెనన్ మూడు పాటలు నా చేతికి నిండుగ వచ్చినయి. 1966ల అమెరికాల ఉంటే ఈ వరుస నాది అయ్యేది కాదేమో. ఆరో జాగల నేను ప్లీజ్ ప్లీజ్ మి పెడ్త, హెల్ప్! కంటె పైన. నలుగురు పోరలు ఒక్క పగటిపూట, గొంతు పోయేదాంక, తమ గురువుల పాటలు పాడిన చప్పుడు అండ్ల ఉన్నది.

మీ వరుస వేరే ఉంటది, ఉండాలె. వేసుకునే ముందు ఒక్క పని చెయ్యుండ్రి. బీటిల్స్ పాడిన 'బేబీ ఇట్స్ యూ' వినుండ్రి, ఎంబడే షిరెల్స్ పాడింది వినుండ్రి. అటెన్క పంచాయితికి రాండ్రి.